అప్‌డేట్: కార్న్‌ఫ్లోర్ లేకుండానే సూప్ చిక్కగా వచ్చింది

జలుబుతో ఉన్న మా అత్తకీ పిల్లోళ్లకీ కార్న్‌ఫ్లోర్ వెయ్యకుండా కూరగాయల సూప్ చిక్కగా ఎట్లా చెయ్యాలని అడిగినాను కదా, చెప్పిన అక్కలకీ అన్నలకీ చాలా థ్యాంక్స్. తిరుపతిలో ఈ నవంబర్ వానలకి సాయంత్రమైతే అందరికీ వేడిగా ఏదో ఒకటి కావాల్సిందే.

పెసరపప్పు ఐడియా సూపర్. పిడికెడు పప్పు, క్యారెట్, సొరకాయ, ఒక ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు కుక్కర్లో మెత్తగా ఉడికించి, బాగా చల్లారినాకే మిక్సీ పట్టినా, వేడి మీద తిప్పితే ఆవిరికి మూత ఎగురుతుంది జాగ్రత్త. బీన్స్ మాత్రం సన్నగా తరిగి విడిగా ఉడికించి కలిపినా, పంటికి ఏదో ఒకటి తగలాలి కదా.

ఇంకా చిక్కదనం కావాలంటే మన చిత్తూరు వైపు ప్రతి ఇంట్లో ఉండే రాగిపిండే చాలు, ఒక స్పూను చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి మరిగే సూప్‌లో పోసి పచ్చివాసన పోయేదాకా తిప్పతా ఉండాలి. నాకైతే కార్న్‌ఫ్లోర్ కంటే ఈ రుచే నచ్చింది.

చివర్లో నేతిలో జీలకర్ర, దంచిన మిరియాలు. చిన్నోడికి మిరియాలు వెయ్యకముందే తీసిపెట్టినా. అత్త ఇంకో గ్లాసు అడిగి తాగింది, నాకు భలే సంతోషమైంది.