అప్‌డేట్: రోటర్‌డామ్ ఇంట్లో రాత్రిపూట హోరు, కారణం దొరికింది

రోటర్‌డామ్‌లోని హిల్లెగర్స్‌బర్గ్ అనే పేటలో, చెరువుల దగ్గరి నిశ్శబ్దమైన వీధిలో ఉంటూ కూడా రాత్రిళ్లు సన్నటి హోరుతో నిద్ర పట్టట్లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ఇంటి మెయిన్ స్విచ్ ఆపి వినండి" అన్న సలహానే పనిచేసింది. కరెంటు తీయగానే హోరు ఆగింది, అంటే మా ఇంట్లోదే. టెక్నీషియన్ వచ్చి అటక మీది వెంటిలేషన్ బాక్సు (ఇంట్లోని గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఉన్న పెట్టె) విప్పితే, ఫ్యాన్ రెక్కలకు బూడిదరంగు దుమ్ము అట్టకట్టి ఉంది, బేరింగ్ కూడా అరిగిపోయింది. ఫ్యాన్ మార్చి, బాక్సు కింద రబ్బరు పెట్టాడు. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాం.

అనుమానం రావచ్చు కానీ, పక్కింటి హీట్ పంపుకీ (బయటి గాలిలోని వేడితో ఇంటిని వెచ్చబరిచే యంత్రం) దీనికీ సంబంధమే లేదు. నెదర్లాండ్స్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి బయట పెట్టేవాటికి రాత్రిపూట పక్కింటి స్థలం సరిహద్దు దగ్గర 40 డెసిబెల్స్ పరిమితి కూడా ఉంది. విమానాలూ కారణం కాదు.

అద్దె ఇల్లయితే ముందు ఓనరుకు రాయండి, మాకు ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. హోరు భరించలేక వెంటిలేషన్ పూర్తిగా ఆపేయకండి, బాత్రూమ్‌లో బూజు పడుతుంది.