గాలి లేని రోజుల్లో బోర్డు కోసం వించ్: ఇంజన్, తాడు, చోటు గురించి సలహా కావాలి

కృష్ణలంక_కైట్ అడిగినది:

అందరికీ నమస్తే. మాది విజయవాడ. పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే కైట్‌బోర్డింగ్ మా ఆట. సూర్యలంక బీచ్‌లో కైట్ ఎగిరేది సముద్రపు గాలి బాగా అందే ఎండాకాలం సాయంత్రాల్లోనే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఇక్కడ పొద్దున పూట ఆకు కూడా కదలదు. నీళ్లు మాత్రం అద్దంలా ఉంటాయి. ఆ రోజుల కోసం గట్టు మీద పెట్టి, ఇంజన్‌తో తాడు చుట్టుకుంటూ బోర్డు మీది మనిషిని లాగే వించ్ ఒకటి ముగ్గురం కలిసి చేయిద్దామనుకుంటున్నాం.

రైడర్ బరువు 72 కిలోలు. బోర్డు 138×41 సెంటీమీటర్ల ట్విన్‌టిప్ (రెండు కొనలూ ఒకేలా ఉండేది), కాళ్లు దూర్చే ఫుట్‌స్ట్రాప్స్ ఉన్నది. ఒక్కో లాగుడు 200 మీటర్లు వస్తే చాలు. పవర్ వీడర్‌కి వాడే హోండా జీఎక్స్200 ఇంజన్ ఒకటి చేతిలో ఉంది. అది సరిపోతుందా, లేక పాత స్కూటర్ ఇంజన్ మేలా? తాడు ఏ రకం కొనాలి? చోటు విషయంలో ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణా నది, కాలవలు, చేపల చెరువులు మూడూ ఆలోచనలో ఉన్నాయి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఆటోనగర్_లేత్:

జీఎక్స్200 చాలండీ. మీ బోర్డుకి గంటకు 25 కిలోమీటర్లు కావాలి, అంటే సెకనుకు 7 మీటర్లు. రైడర్ లేచి నిలబడ్డాక తాడు మీద పడే బరువు 20, 25 కిలోలకు మించదు. అది రెండు, రెండున్నర హార్స్‌పవర్ పని. కష్టమంతా నీళ్లలోంచి లేచే మొదటి మూడు నాలుగు సెకన్లది. అప్పుడు 50 కిలోల దాకా లాగాలి. ఈ ఇంజన్ టార్క్ (తిప్పే బలం) 2500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 12.4 న్యూటన్ మీటర్లు. 10 పళ్ల స్ప్రాకెట్ నుంచి 60 పళ్ల దానికి చైన్ వేసి, తాడు చుట్టుకోడానికి 25 సెంటీమీటర్ల అడ్డకొలత డ్రమ్ము పెడితే లెక్క ప్రకారం 60 కిలోలు వస్తుంది. చైన్, బేరింగులు తినేది పోగా 50 మిగులుతుంది. 72 కిలోల మనిషికి సరిపోతుంది. 90 కిలోల మనిషిని లేపాలంటే మాత్రం జీఎక్స్270కి వెళ్లండి. మరో మాట, ఈ ఇంజన్లలో కొన్నిటికి 2:1 గేర్‌బాక్స్ కంపెనీ నుంచే బిగించి వస్తుంది. మీదానికి ఉంటే స్ప్రాకెట్ లెక్క మారిపోతుంది, ముందు షాఫ్ట్ చూసుకోండి.

వించ్‌లో ముందు పోయేది ఇంజన్ కాదు, క్లచ్. గోకార్ట్ సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే, సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటుంది. 6:1లో ఆ ఆర్‌పీఎంకి తాడు వేగం గంటకు దాదాపు 16 కిలోమీటర్లు. మనిషేమో నీళ్లలో నిలబడి సున్నా దగ్గర ఉన్నాడు. సున్నా నుంచి 16 దాకా క్లచ్ జారుతూనే లాగాలి, ఆ జారుడంతా వేడి. పది పన్నెండు లాగుళ్లు వరసగా లాగితే లైనింగ్ మాడిన వాసన, బెల్ (క్లచ్ బయటి గిన్నె) నీలం రంగుకి తిరగడం, ఆ తర్వాత తేలిక బరువుకి కూడా పట్టు లేకపోవడం, వరస ఇదే. కాబట్టి జీఎక్స్ పెడితే దాంతోపాటు వేగాన్ని బట్టి గేరు దానంతటదే మారే బెల్టు టార్క్ కన్వర్టర్ కూడా పెట్టండి, వట్టి క్లచ్‌తో సరిపెట్టకండి.

నన్నడిగితే పాత యాక్టివా ఇంజనే మేలు. వేరియేటర్ (గేరు దానంతటదే మార్చే బెల్టు భాగం), క్లచ్, ఫైనల్ గేరు మూడూ ఒకే ముద్దలో ఉంటాయి, చైన్ గొడవ లేదు. ఫ్యాన్‌తో చల్లబడే ఇంజన్ కాబట్టి నిలబెట్టి నడిపినా వేడెక్కదు, పైనున్న ప్లాస్టిక్ కవరు తీసేయకుండా ఉంటే చాలు. ఐడిల్‌లో క్లచ్ వదిలేస్తుంది, తాడు చేత్తో లాగితే వచ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, వెనక చక్రం డ్రమ్ము బ్రేకు అలాగే ఉంటుంది. అదే మీకు స్పూల్‌కి, అంటే తాడు చుట్టుకునే డ్రమ్ముకి, బ్రేకు.

టైరు తీసి రిమ్ముకే తాడు చుడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. రిమ్ము వెడల్పు ఐదారు సెంటీమీటర్లే, 200 మీటర్ల తాడు చుట్టేసరికి చుట్టు ఎత్తు పెరిగి వేగం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. లేత్ మీద 25 సెంటీమీటర్ల కోర్, 12 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఫ్లాంజ్‌తో (తాడు పక్కకు జారకుండా ఆపే అంచు బిళ్లలతో) స్పూల్ చేయించి హబ్బుకి బిగించండి. స్కూటర్ చక్రానికి ఒక పక్కే ఊతం ఉంటుంది. అంత వెడల్పు స్పూల్ అలా వేలాడితే ఫైనల్ గేరు బేరింగు నెలల్లో అరుస్తుంది. బయటి పక్క 20 మిల్లీమీటర్ల షాఫ్ట్ ముక్క వేసి యూసీపీ204 బేరింగులో కూర్చోబెట్టండి. ఫ్రేము వెల్డింగు అంతా అయ్యాకే ఆ బేరింగు బోల్టులు బిగించండి. వెల్డింగు వేడికి ఫ్రేము గుంజుకుని అలైన్‌మెంట్ పోతుంది.

ఇంజన్ విడిగా కొనేటప్పుడు ఆర్‌సీ రద్దయిన బండిదేనని కాగితం చూసి తీసుకోండి.

వలతాడు:

ఇంజన్ గురించి పైన అన్న అంతా చెప్పేశారు. నేను తాడు చెబుతా. మనుషులకు దెబ్బలు తగిలేది దీనివల్లే.

నైలాన్ తాడు ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. నీళ్లలో మునుగుతుంది, పైగా రబ్బరులా సాగుతుంది. తెగిన రోజున సాగినంతా తిరిగి కొడుతుంది. తేలే తాడు కావాలి: పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ లేదా డైనీమా (సన్నగా ఉన్నా చాలా గట్టిగా ఉండే పీచు). మూడు పాయలు మెలేసిన తాడు కాకుండా అల్లిన తాడు తీసుకోండి. మెలేసినది బరువు పడ్డప్పుడల్లా తిరిగి, వదులైనప్పుడు ముడతలు పడుతుంది. ఆ ముడత తాడును స్పూల్ మీదికి నడిపే గైడ్‌లో ఇరుక్కుంటుంది.

5 మిల్లీమీటర్ల తాడు 200 మీటర్లు అంటే మీ స్పూల్ మీద చుట్టు అడ్డకొలత 25 సెంటీమీటర్ల నుంచి చివరికి 34 అవుతుంది. థొరెటల్ కదపకపోయినా వేగం 36 శాతం పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్లతో మొదలైన రైడర్ చివరికి 34 దగ్గర ఉంటాడు, అదీ గట్టుకు దగ్గరవుతున్నప్పుడు. 3 మిల్లీమీటర్ల డైనీమా వేస్తే చుట్టు 28.5 దగ్గరే ఆగుతుంది, పెరుగుదల 14 శాతం. ఖరీదెక్కువే, కానీ డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. డైనీమా జారుడు సరుకు, మామూలు ముడి నిలవదు. చివర్లు స్ప్లైస్ చేయించాలి, అంటే ముడి లేకుండా తాడులోకే తిరిగి దూర్చి అల్లించాలి.

5 మిల్లీమీటర్లతోనే వెళ్తే సైకిల్‌కి పెట్టే స్పీడోమీటర్ కొని, అయస్కాంతం స్పూల్ ఫ్లాంజ్‌కి అతికించి, చక్రం చుట్టుకొలత 927 మిల్లీమీటర్లని సెట్ చేయండి. అది సగటు చుట్టుకొలత. అసలు వేగం 25 ఉండాలంటే మొదట్లో మీటరు 29, 30 చూపాలి, చివర్లో 22 చూపాలి. ఆపరేటర్ ఆ రెండు అంకెలూ గుర్తుపెట్టుకుంటే చాలు.

తాడు మధ్యలోనే కుప్పపడి, ఆ కుప్ప పక్కకు జారి, కింది చుట్ల మధ్య దిగిపోవడం ప్రతి వించ్‌కీ ఉన్న జబ్బు. తర్వాతి లాగుడుకి తాడు లాగేటప్పుడు అక్కడ పట్టేస్తుంది. స్పూల్‌కి మీటరు ముందు రోలర్ల గైడ్ పెట్టి, దాన్ని ఒక లీవర్‌తో అటూ ఇటూ నడిపించండి. తాడు బయటికి లాగేటప్పుడు బ్రేకు కొంచెం పట్టి ఉంచాలి. లేకపోతే లాగే మనిషి ఆగినా స్పూల్ తిరుగుతూనే ఉండి తాడంతా పిచ్చుకగూడు అవుతుంది.

హ్యాండిల్‌కీ మెయిన్ తాడుకీ మధ్య 150 కిలోలకు తెగే బలహీనపు ముక్క ఒకటి వేయండి. హ్యాండిల్ దగ్గరే వేయాలి, వించ్ దగ్గర కాదు. అక్కడ తెగితే పొడవాటి తాడు రైడర్ వైపు కాకుండా వించ్ వైపు వస్తుంది. వించ్ ముందు దళసరి ఇనుప మెష్ కట్టుకుంటే ఆపరేటర్‌కీ భయం లేదు. హ్యాండిల్ నుంచి 40 మీటర్ల దగ్గర పసుపు టేపు, 25 మీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టండి. పసుపు గైడ్‌లోకి రాగానే థొరెటల్ తగ్గించాలి, ఎరుపు రాగానే పూర్తిగా వదిలేయాలి. హ్యాండిల్ గైడ్ దాకా రాకూడదు.

కైకలూరు_గట్టు:

చోటు సంగతి.

బ్యారేజీ ఎగువన బెర్మ్ పార్కు, పున్నమి ఘాట్, భవానీ ద్వీపం మధ్య పర్యాటక శాఖ బోట్లు తిరుగుతుంటాయి. నీటి మట్టానికి వేలాడే 200 మీటర్ల తాడు బోటు నడిపేవాడికి కనపడదు. ప్రొపెల్లర్‌కి చుట్టుకుందంటే అటు బోటుకీ ఇటు రైడర్‌కీ ప్రమాదం. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఎంతమంది పోయారో మనకు తెలుసు. ఆ నీళ్ల మీద ఏ పనైనా జలవనరుల శాఖ, పోలీసుల అనుమతి రాతపూర్వకంగా ఉంటేనే. వరద నెలల్లో ఆలోచనే వద్దు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు కట్టేసిన పడవలే కొట్టుకొచ్చి గేట్లను గుద్దాయి. బ్యారేజీ దిగువన ఎండాకాలం కనిపించే నీటి మడుగులూ నమ్మొద్దు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో ఇసుక తవ్విన గోతిలోకి దిగిపోతారు.

కాలవలు వించ్‌కి తీరుగా కనపడతాయి, తిన్నగా ఉంటాయి కాబట్టి. కానీ ఊళ్లో ఉన్నంత దూరం ఏలూరు కాలవ, బందరు కాలవల్లో మురుగు కలుస్తుంది, అడుగున గాజు పెంకులుంటాయి. లైనింగ్ ఉన్న చోట గట్టు సిమెంటు. పడితే మోచేయి, మోకాలు చిప్ప ముందు తగిలేది దానికే.

నా ఓటు చేపల చెరువుకే. రెండు వందల మీటర్ల పైన పొడవు, ఐదారు అడుగుల నీళ్లు, చుట్టూ ట్రాక్టరు నడిచే గట్టు. పట్టుబడి (చేపలు పట్టడం) అయిపోయి, నీళ్లు ఇంకా తోడెయ్యని రోజుల్లో యజమానిని అడగండి. చేపలున్నప్పుడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. దిగేముందు మూడు చూడాలి. ఒకటి, పక్షులు వాలకుండా చెరువు మీద అడ్డంగా కట్టిన సన్న తీగలు. ఎదురు ఎండలో అస్సలు కనపడవు, సరిగ్గా మెడ ఎత్తులో ఉంటాయి. మీరు వెళ్లే దారిలో ప్రతి తీగా విప్పించాలి. రెండు, చేపల మేతకి తవుడు సంచులు కట్టే కర్రలు. పైకి కనపడేవి పీకేసినా నీళ్లలో విరిగి మిగిలిన మొదళ్లు ఉంటాయి. నాటు పడవలో ఇద్దరు కూర్చుని పొడవాటి వెదురుతో దారంతా తడిమి చూడాలి, పది మీటర్ల వెడల్పున. మూడు, రొయ్యల చెరువైతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు వైర్లు. స్విచ్ ఆపితే చాలదు, ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో పెట్టుకోండి.

సూర్యలంకలో అయితే ఒడ్డుకి సమాంతరంగా లాగండి, ఒడ్డు మీదికి కాదు. సాయంత్రం ఇంజన్‌ని మంచినీళ్లతో కడగాలి.

తాడు_చివర:

మిగిలింది మనుషులు. ఇద్దరు చాలరు, ముగ్గురుండాలి: రైడర్, ఆపరేటర్, రైడర్‌నే చూస్తూ ఆపరేటర్ పక్కన నిలబడే మనిషి. 200 మీటర్ల అవతల అరుపు వినపడదు. చెయ్యి పైకెత్తితే సిద్ధం, అరచెయ్యి నెత్తి మీద పెడితే ఆపు. హ్యాండిల్ వదిలాడంటే అడగక్కర్లేదు, థొరెటల్ వదిలి బ్రేకు పట్టడమే.

రైడర్ నడుము దాటిన లోతులో, ఛాతీకి మించకుండా మొదలెట్టాలి. మోకాళ్లు ఛాతీకి ముడిచి, బోర్డు తాడుకి అడ్డంగా, చేతులు చాపి ఉండాలి. ఆపరేటర్ ముందు వదులు తాడు మాత్రమే చుట్టి, తాడు నీళ్లలోంచి లేచి బిగిశాక రెండు సెకన్లలో నెమ్మదిగా థొరెటల్ ఇవ్వాలి. ఒక్కసారిగా ఇస్తే హ్యాండిల్ చేతిలోంచి పోతుంది. చాలామంది తొందరపడి లేస్తారు, లేదా చేతులు ముడిచి తమవైపు లాక్కుంటారు. వించ్ తాడు కైట్‌లా పైకి లాగదు, కిందుగా ముందుకు లాగుతుంది. అందుకే బోర్డు ముక్కు మునిగి ముందుకు పడతారు. బరువు వెనక కాలి మీద ఉంచి, బోర్డు దానంతటది పైకి తేలాకే లేవాలి. గట్టు మీద ఆరడుగుల ఎత్తు ట్రైపాడ్ నిలిపి, దానికి కప్పీ కట్టి తాడు దాని మీదుగా పోనిస్తే కొత్తవాళ్లకు సులువు.

హెల్మెట్, లైఫ్ జాకెట్ తప్పనిసరి. హ్యాండిల్‌లోంచి చెయ్యి దూర్చడం, తాడు మణికట్టుకి చుట్టుకోవడం ఎప్పుడూ చేయకూడదు. ఆపరేటర్ నడుముకి తాడుతో కట్టే కిల్ స్విచ్ (ఇంజన్‌ని వెంటనే ఆపేది) కొనేటప్పుడు ఒకటి గమనించండి: జీఎక్స్ ఇంజన్ ఆగేది స్టాప్ వైరు బాడీకి తగిలినప్పుడు. కాబట్టి నడుముకి కట్టిన తాడు ఊడగానే సర్క్యూట్ కలిపే రకం స్విచ్ కావాలి, తెంచే రకం పనిచేయదు.

కృష్ణలంక_కైట్:

చాలా థాంక్స్ అందరికీ. యాక్టివా ఇంజను, 3 మిల్లీమీటర్ల డైనీమా, చేపల చెరువు ఖాయం చేసుకున్నాం. ఒక్క సందేహం. చెరువు గట్టు మీద చెట్టు ఉండదు, కారు తీసుకెళ్లే దారి కూడా లేదు. వించ్ కదలకుండా దేనికి కట్టాలి?

ఆటోనగర్_లేత్:

రెండు గడ్డపారలు చాలు. వించ్ వెనక గట్టు గట్టిగా ఉన్న చోట మొదటిది రెండున్నర అడుగులు దిగగొట్టండి, తల నీళ్లకు దూరంగా, వెనక్కి కాస్త వాలి ఉండాలి. దాని వెనక నాలుగడుగుల దూరంలో, అదే వరసలో రెండోది. వించ్ ఫ్రేము చైను మొదటి గడ్డపార మొదట్లో, నేలకు ఆనించి కట్టాలి. మొదటిదాని తల నుంచి రెండోదాని మొదలుకి ఇంకో తాడు బిగించి, మధ్యలో కర్ర పెట్టి మెలితిప్పి, ఆ కర్రను నేలలో గుచ్చండి. మొదటిది ముందుకు వాలబోతే రెండోది పట్టుకుంటుంది. గట్టు అంచుకి ఐదడుగుల లోపల గుచ్చొద్దు, మట్టి పెళ్లగా విరుగుతుంది. వాన పడిన మర్నాడైతే మూడో గడ్డపార కలపండి.

రైడర్‌ని దింపేముందు ఇద్దరు తాడు పట్టుకుని గట్టు మీదే నిలబడి వెనక్కి వాలి లాగండి. మొదటి గడ్డపార మొదట్లో మట్టి పగులు ఇస్తే అక్కడినుంచి తీసి వేరే చోట గుచ్చండి, అదే గుంటలో మళ్లీ కొట్టొద్దు.