పాత ఫైర్ స్టేషన్లకు భూకంపం పనులు: మన జోన్ 2లో అవసరమా?

కోట జంక్షన్:
శాన్ ఫ్రాన్సిస్కోలో పాత ఫైర్ స్టేషన్లు భూకంపానికి తట్టుకునేలా బాగుచేయడానికి 2010, 2014, 2020లో మూడుసార్లు జనం ఓటు అడిగి మరీ బాండ్లతో డబ్బు తెచ్చుకున్నారు. మన విజయనగరం, శ్రీకాకుళంలో పాత స్టేషన్లకూ ఆ పని చేయాలా? నా మటుకు అనవసరం. 2016 భూకంప కోడ్ (కట్టడాల నిబంధనలు) మ్యాపులో మనది జోన్ 2, అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్నది. మనకొచ్చేవి తుఫాన్లు, వేసవిలో పూరిళ్ల మంటలు.

నాగావళి గట్టు:
బాగా చెప్పారు. మా అత్తగారి ఊళ్లో మే నెలలో వరసగా నాలుగు తాటాకిళ్లు అంటుకున్నాయి. ఫోన్ చేస్తే బండి ఇంకో మంటకు వెళ్లిందన్నారు. వచ్చేసరికి నిట్రాళ్లే మిగిలాయి. గోడలకు కాదు, రెండో బండికి పెట్టండి డబ్బు.

రిటైరైన సివిల్:
జోన్ 2 అంటే భూకంపం రాదని కాదు బాబూ. 1993 సెప్టెంబర్ 30న లాతూరు దగ్గర కిల్లారి కూలినప్పుడు ఆ ప్రాంతం జోన్ 1లో ఉండేది. దాదాపు పదివేల మంది పోయారు. 2002లో కోడ్ మార్చినప్పుడు జోన్ 1నే తీసేశారు.

ఇక స్టేషన్ సంగతి. ఇంటికి నాలుగు వైపులా గోడలుంటాయి. బండ్లు నిలిపే గదికి ముందువైపు గోడే ఉండదు. అన్నీ పెద్ద గుమ్మాలు, మధ్యన సన్నటి స్తంభాలు. పైన సిబ్బంది గదులో, నీళ్ల ట్యాంకో ఉంటే ఆ బరువూ వాటి మీదే. భవనం కూలక్కర్లేదు. స్తంభం రెండు వేళ్లు ఒరిగినా షట్టర్ బిగుసుకుపోవచ్చు. ఊరు కాలుతుంటే బండి లోపలే ఉంటుంది. అందుకే కోడ్‌లో మామూలు ఇంటికి ప్రాధాన్య గుణకం (భవనం ఎంత ముఖ్యమో దాన్నిబట్టి భూకంప బలాన్ని పెంచి లెక్కేసే అంకె) 1 అయితే ఫైర్ స్టేషన్‌కి 1.5.

మీరు చెప్పిన ఊళ్లోనే 1906 భూకంపంలో పక్క హోటల్ పొగగొట్టం స్టేషన్ మీద పడి ఫైర్ చీఫ్ డెనిస్ సలివన్‌కి దెబ్బలు తగిలాయి. నాలుగు రోజులకు చనిపోయాడు. అందులో దాదాపు మూడు రోజులు ఊరు తగలబడుతూనే ఉంది.

కోట జంక్షన్:
మాస్టారూ, ఖర్చు మాటేమిటి?

రిటైరైన సివిల్:
మొత్తం పగలగొట్టమని ఎవరన్నారు? ముందు స్తంభాలకు జాకెటింగ్ చేస్తే చాలావరకు పని అయినట్టే: ప్లాస్టరు కొట్టేసి, చుట్టూ కొత్త ఇనుము కట్టి, కాంక్రీటు పోయడం. ఇటుక కట్టడమైతే లింటెల్ (గుమ్మాల పైదూలం) ఎత్తున గోడల చుట్టూ బెల్టు వేయాలి. అయితే జాకెటింగ్‌తో గుమ్మం ఇరుకవుతుంది, బండి పడుతుందో లేదో ముందే కొలవాలి. (ఒక గోడౌన్‌కి మేం కొలవడం మర్చిపోయాం. లారీ బయటే ఆగింది.) పని జరిగినన్నాళ్లు బండ్లు ఎక్కడ నిలపాలన్నది అసలు తలనొప్పి.

పలాస జీడి:
2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసినవాణ్ణి. గాలికి షట్టర్ లోపలికి వంగినా తెరుచుకోదు. చేసేదేదో గాలికీ కలిపి చేయండి.

నాగావళి గట్టు:
అయితే వేసవి మంటలు తగ్గాక మొదలెట్టి, అక్టోబర్ తుఫాన్ల లోపు ముగించాలి. వానల్లో కాంక్రీటు పోస్తారా?

రిటైరైన సివిల్:
టార్పాలిన్ కట్టుకుని పోస్తాం.

కోట జంక్షన్:
సరే, ముందు స్తంభాలూ షట్టర్ల వరకు ఒప్పుకున్నాను. రెండో బండి మాత్రం నా లిస్టులో ఇంకా పైనే ఉంది.