కరెంటు మార్కెట్ సమర్థత ఎలా కొలవాలి? తెలిసినవారు చెప్పగలరు

మాది పలాస. ఇంట్లో చిన్న జీడిపప్పు పరిశ్రమ. నేను ఎమ్మే ఎకనామిక్స్ ప్రాజెక్టుకు విద్యుత్ సంస్కరణలు తీసుకున్నాను. 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డు విడిపోవడం, 2003 విద్యుత్ చట్టం, 2008లో కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీ... అంతవరకు అర్థమైంది.

చిక్కంతా ధర దగ్గరే. రేపటి కరెంటును ఇవాళే కొని అమ్మే ముందురోజు మార్కెట్లో రోజును 96 ముక్కలు చేసి, పావుగంటకో ధర తేలుస్తారు. చవక బిడ్ల నుంచి పేర్చుకుంటూ వెళ్లి, గిరాకీ తీరిన చోట ఆఖరి బిడ్ ధరే అందరికీ ఇస్తారు. మా సంతలో చేపలు ఇలా అమ్మితే గొడవైపోతుంది! పుస్తకాలేమో ఇదే సమర్థమైన పద్ధతంటాయి: ఇలాగైతే ఎవరి అసలు ఖర్చు వాళ్లు బిడ్ వేస్తారట. మరి కొరత వేళ ఒకడు కావాలనే ప్లాంటు ఆపి, మిగతా ప్లాంట్లకు ఎక్కువ ధర రాబట్టుకుంటే? 2000-01లో కాలిఫోర్నియాలో జరిగిందదే కదా.

ఏపీఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) టారిఫ్ ఆర్డర్లలో ప్లాంటువారీ చర వ్యయం (ఉత్పత్తిని బట్టి మారే ఇంధనం వంటి ఖర్చు) దొరుకుతోంది. దాన్ని ఉపాంత వ్యయంగా (ఇంకో యూనిట్ తయారీకి అయ్యే ఖర్చుగా) తీసుకుని ఎక్స్ఛేంజీ ధరతో పోల్చితే సరిపోతుందా? డిస్కంలు (ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు) ఎక్కువ కరెంటు దీర్ఘకాల ఒప్పందాల్లోనే కొంటాయి కాబట్టి ఆ పోలికకు అర్థముందా?

నాన్న మాత్రం "ఇదంతా సరేగానీ, మన బిల్లెప్పుడు తగ్గుతాదమ్మా?" అంటున్నారు. దానికీ జవాబుంటే చెప్పండి.