‘ఆయనది బందరు’ అంటే ఆయన బందర్లో పుట్టినట్టేనా?

నిన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక గొడవైంది, అందులో భాష ముక్క ఒకటుంది కాబట్టి ఇక్కడికి మోసుకొచ్చా. మా చిన్నాన్న ‘మన బందరు ప్రముఖులు’ అని లిస్టు పెట్టాడు (బందరంటే మచిలీపట్నమే). భోగరాజు పట్టాభి సీతారామయ్య, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణ, ముట్నూరి కృష్ణారావు, జెండా పింగళి వెంకయ్య, ఇలా. ఐదు నిమిషాల్లో మా బావ దిగాడు, "మామయ్యా, వీళ్ళలో ఒక్కరైనా బందర్లో పుట్టారా చెప్పండి" అని.

చూస్తే నిజమే. పట్టాభి పుట్టింది ఏలూరు దగ్గర గుండుగొలను, చెళ్ళపిళ్ళ వారు కడియం, విశ్వనాథ నందమూరు, వెంకయ్య గారు భట్లపెనుమర్రు, ముట్నూరి వారికి ఇంటిపేరులోనే వేరే ఊరుంది. లిస్టు లిస్టంతా ఎగిరిపోయింది. చిన్నాన్న మాత్రం తగ్గలా, "అందరిదీ బందరే" అని ఒక్క ముక్క కొట్టి ఆఫ్‌లైన్ అయిపోయాడు.

నాకు ఆ ‘ది’ దగ్గర బుర్ర ఆగిపోయింది. ‘మాది బందరు’ అన్నప్పుడు అందులో క్రియే లేదు కదా, మా + అది, అంతే. పుట్టాననీ లేదు, ఉంటున్నాననీ లేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి సంక్రాంతికి తప్ప బందరు మొహం చూడనివాడు కూడా "మాది బందరండీ" అంటాడు, అబద్ధం చెప్పాడని ఎవరూ అనరు. ఇంకో చిత్రం, ఒక్కడే నిలబడి చెప్తున్నా ‘నాది’ అనేది తక్కువ, ‘మాది’ అనే వస్తుంది నోటికి. ఎదుటివాడిదీ అదే ఊరైతే క్షణంలో ‘మాది’ కాస్తా ‘మనది’ అయిపోతుంది, "ఓ మీదీ బందరేనా, అయితే మనోళ్ళే". మరి పట్టాభి గారు డాక్టరీ చదివి బందర్లోనే ప్రాక్టీసు పెట్టి 1923లో ఆంధ్రా బ్యాంకు అక్కడే మొదలుపెట్టారు. ‘ఆయనది బందరు’ అంటే తప్పెలా అవుతుంది? పెద్దలు చెప్పండి.

రిప్లై:
తప్పు కాదు. పుట్టుక వేరు, కాపురం వేరు అని మన కాగితాలకి ఎప్పుడో తెలుసు. పాత దస్తావేజు ఏది తీసినా ‘బందరు కాపురస్తులు’ అని ఉంటుంది, ఎక్కడ పుట్టాడన్న ఊసే రాదు. గుళ్ళో సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు రాస్తారు చూడండి, అక్కడ ‘వాస్తవ్యులు’. ఫ్యాన్ తిరుగుతుంటే చదవలేం, కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది ఎవరిచ్చారో :)

మీ బావగారి లెక్క తిరగేస్తే ఏమవుతుందో కూడా చూడండి. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు 1862లో అచ్చంగా బందర్లోనే పుట్టారు. కానీ ఆయన పేరెత్తితే కాకినాడ, పిఠాపురం రాజావారి కాలేజీ, అదే గుర్తొస్తుంది ఎవరికైనా. అక్కడ పుట్టినాయన ఇంకో ఊరి ఆస్తి అయిపోతే లేని తప్పు, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి బందరు వాళ్ళయితే వచ్చిందా?

రిప్లై:
ఇంటిపేరు మాట వచ్చింది కాబట్టి. ముట్నూరు → ముట్నూరి, కాటూరు → కాటూరి (పింగళి లక్ష్మీకాంతం గారితో జంటగా రాసిన కాటూరి వెంకటేశ్వరరావు గారు). ‘ఊరు’ అనే మాట ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేటప్పుడు చివర మారే మాట, షష్ఠిలో (‘యొక్క’ అనే అర్థంలో) ‘ఊరి’ అవుతుంది. అంటే ఆ ఇంటిపేర్లన్నీ ‘ఫలానా ఊరి’ మనిషి అని చెప్పే సగం వాక్యాలే. బందరుకి ఆ యోగం లేదు, అందులో ఊరు లేదు కదా, అది పర్షియన్ మాట, రేవు అని అర్థం. అందుకే బందరి లడ్డు కాదు బందరు లడ్డు. ‘బందరు రేవు’ అంటే రేవు రేవు అన్నట్టే, గేటు తలుపు లాగా. పోర్‌బందర్‌లో ఉన్నదీ అదే బందరు. ఆ లెక్కన గాంధీ గారిదీ బందరే, 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికల్లో పట్టాభి ఓడిపోతే ఆ ఓటమి నా ఓటమి అన్నాడంటే ఊరికే అన్నాడా!

రిప్లై:
జోకు బాగుంది సార్, కానీ ఊరు ఉన్న ప్రతి ఇంటిపేరూ అలా మారదు. గుంటూరు శేషేంద్ర శర్మ గారు ‘గుంటూరి’ కాలేదుగా.

రిప్లై:
నిజమే, ఒప్పుకున్నా. వాడుక ముందు వ్యాకరణం చేతులు కట్టుకోవాల్సిందే.

రిప్లై:
ఒక చిన్న సవరణ లాంటిది. కొన్నిచోట్ల ‘బందరు అచ్చమాంబ’ అని టైప్ చేస్తున్నారు, దయచేసి ఆపండి. ఆ రచయిత్రి పేరు బండారు అచ్చమాంబ, ‘డ’. ఊరు కాదు, ఇంటిపేరు, అదీ అత్తారిది. కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క, పుట్టింది పెనుగంచిప్రోలు. తమాషా ఏంటంటే 1902లో బృందావన స్త్రీ సమాజం పెట్టింది మాత్రం బందర్లోనే, అందుకే అచ్చుతప్పు కూడా కరెక్టులా కనిపిస్తుంది.

రిప్లై:
మగవాళ్ళంతా వ్యాకరణంలో పడి అసలు సంగతి వదిలేశారు. మనలో మొదటి కాన్పు ఎక్కడ? అమ్మగారింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకెళ్ళి పురుడు పోసి, బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చాక సారెతో పంపిస్తారు. అంటే పుట్టినూరు లెక్క తీసుకుంటే సగం ఆంధ్రదేశం అమ్మమ్మ ఊరి వాళ్ళే. ఎవరైనా మీదే ఊరంటే అమ్మమ్మ ఊరు చెప్తారా?

‘పుట్టిల్లు’ అనే మాటే చూడండి. నేను పుట్టింది మా అమ్మమ్మగారి పెరటి గదిలో. నా పుట్టిల్లు మాత్రం మా నాన్న ఇల్లు, పెళ్ళయ్యాక వెళ్ళొచ్చేది అక్కడికే. పేరులో పుట్టుక ఉంది, ఆ ఇంట్లో నేను పుట్టలేదు. మా అమ్మ పుట్టింట్లో పుట్టాను. ‘పుట్టు’ అన్న మాటే ఇన్ని మెలికలు తిరుగుతుంటే పాపం ‘ది’ ని పట్టుకుని నిలదీస్తారేంటి!

(పోస్టు పెట్టిన నేనే)
అక్కా, దండం. ఇది మా గ్రూపులో వేశా, చిన్నాన్న లవ్ సింబల్ కొట్టాడు.

ఇంకో చిరాకు కూడా చెప్పి ఆపుతా. ఈమధ్య అందరూ ‘ఆయన బందరు నుంచి’ అని రాస్తున్నారు, ఇంగ్లీషు ‘ఫ్రమ్’ ని తెచ్చి అతికించినట్టు. బందరు నుంచి ఏంటి, బయల్దేరాడా? బస్సు ఎన్నింటికి? చెళ్ళపిళ్ళ వారు బందరు హైస్కూల్లో తెలుగు చెప్పారు, విశ్వనాథ అక్కడ ఆయన దగ్గర చదువుకున్నారు, ముట్నూరి వారు 1907 నుంచి 1945లో పోయేదాకా కృష్ణాపత్రిక నడిపారు. వాళ్ళది బందరు. పుట్టుక సంగతి కావాలంటే ‘పుట్టింది ఫలానా చోట’ అని ఇంకో వాక్యం రాసుకుంటే పోయేదానికి ఆ ‘నుంచి’ ఎందుకు.

అన్నట్టు బావని అడిగా, నువ్వెక్కడ పుట్టావు అని. చాలాసేపు టైపింగ్ అని చూపించి, చివరికి "బందరు పెద్దాసుపత్రి" అన్నాడు. వాళ్ళ అమ్మమ్మగారి ఊరు. మరి మీదే ఊరు బావా అంటే, "అదేం ప్రశ్న, మాది తెనాలి కదా" అంట.