పేదలకు ఇల్లు కట్టి తాళాలు ఇవ్వడం మేలా, డబ్బులిచ్చి కట్టుకోమనడం మేలా?

కల్వకుర్తి వాసి:
నిన్న మా చిన్నమ్మ వాళ్ల ఊరికి పోయి వచ్చాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు, అందుకే అడుగుతున్నా. మన తెలంగాణలో వెనకటి ప్రభుత్వం డబుల్ బెడ్‌రూమ్ పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు కాంట్రాక్టర్లతో కట్టించి ఉచితంగా ఇచ్చింది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగ ఉన్నవాళ్లకు 5 లక్షలిచ్చి కట్టుకోమంటున్నారు. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్షా 25 వేలు, స్లాబ్ పడితే లక్షా 75 వేలు, ఇల్లు పూర్తయ్యాక చివరి లక్ష. అన్నీ పని అయ్యాకే. మరి పునాది తవ్వడానికి పైసలు ఎక్కడివి?

చిన్నమ్మ పాత పెంకుటిల్లు కూల్చేసి, పక్కింటివాళ్ల రేకుల షెడ్డులో ఉంటోంది. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెచ్చి బేస్‌మెంట్ చేయించింది. నెలకు మిత్తే 4,500. సర్కారు నుంచి వచ్చిన బిల్లు లక్ష. ఇటుక దింపుకోవడానికి చేతిలో ఏమీ లేదు. పిల్లర్ల చువ్వలు వానకు తడిసి తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి, ఒక చువ్వకు దండెం కట్టి చీరలు ఆరేసుకుంటోంది. కూలి చేసుకునే మనిషికి ఇంత టెన్షన్ ఎందుకు? కట్టి ఇవ్వడమే మేలని నా మాట.

మేస్త్రీ కొడుకు, దేవరకొండ:
అన్నా, చిన్నమ్మ బాధ నిజమే. కానీ కట్టి ఇచ్చే పద్ధతిని మా నాన్న దగ్గరుండి చూశాడు. పల్లెల్లో ఇంటికి 5 లక్షల 4 వేలని రేటు పెట్టారు. గిట్టుబాటు కాదని చాలా చోట్ల టెండరుకు ఎవరూ రాలేదు, వచ్చినవాళ్లలో కొందరు స్లాబ్ దాకా లేపి వదిలేసి పోయారు. నాన్న పనిచేసిన చోట గోడలకు నీళ్లు పట్టే దిక్కు లేదు, ఎండకు ప్లాస్టరింగ్ పర్రెలు ఇచ్చింది. అదే సొంత ఇల్లయితే ఆ ఇంటి ఆడమనిషి పొద్దున, మాపున బిందెతో గోడలు తడుపుతుంది. మాలులో ఒక తట్ట ఇసుక ఎక్కువ పడితే 'ఏం మేస్త్రీ, ఇదేంది' అని అడుగుతుంది. ఆ కాపలా ఏ ఇంజనీరూ కాయలేడు.

పాలమూరు అక్క:
నేను మహబూబ్‌నగర్ దగ్గర డబుల్ బెడ్‌రూమ్ కాలనీలోనే ఉంటున్నా తమ్మీ. నెలకు 3,000 కిరాయి తప్పింది, ఇంటి ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడో అన్న భయం పోయింది. ఇల్లు చేతికొచ్చిన రోజు ఏడ్చాను. అది ఎవరు కాదన్నా ఒప్పుకోను.

కష్టం తర్వాత మొదలైంది. కాలనీ ఊరికి దూరం. ఇళ్లలో పనికి పోయే నాకు ఆటోకే రోజుకు 60 పోతుంది. మొన్న మా బ్లాకు మోటరు కాలిపోయింది. ఇంటికి 300 వేసుకుందామంటే సగం ఇళ్లకు తాళాలు, మనుషులు పుణెకో హైదరాబాద్‌కో పనికి పోయారు. పదకొండు రోజులు మూడో అంతస్తుకు బిందెలు మోశాం. తాళాలు ఇచ్చిన రోజే కాలనీ కమిటీ పెట్టి, నెలకు ఇంతని జమ చేయించి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

సంఘం లెక్కల అక్క, నకిరేకల్ వైపు:
కల్వకుర్తి తమ్ముడూ, తప్పు డబ్బులిచ్చే పద్ధతిలో లేదు, మొదటి పైసా ఆలస్యంగా రావడంలో ఉంది. మా ఊళ్లో మంజూరైన ఎనిమిది మందికీ ముగ్గు పోయకముందే మహిళా సంఘం నుంచి లోన్ ఇప్పించాం. మిత్తి నూటికి రూపాయి. బిల్లు పడగానే అందులోంచి కట్టించుకున్నాం. సిమెంటు, ఇటుక ఎనిమిది ఇళ్లకూ కలిపి ఒకేసారి బేరం చేశాం. సెంట్రింగ్ సామాను ఒకటే సెట్టు, ఒక ఇంటి స్లాబ్ ఆరగానే ఇంకో ఇంటికి పోయింది.

ఇంకో మాట గట్టిగా చెప్పాం. రూల్ ప్రకారం 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. మనం 420 దగ్గరే ఆగుదాం, పెద్దగది మోజు ఇప్పుడు వద్దని. ఒకామె వినలేదు, 580కి పోయింది. ఆమె ఇల్లు ఒక్కటే ఇంకా గోడల దగ్గరుంది.

అచ్చంపేట కూలి బిడ్డ:
అందరూ జాగ ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. దరఖాస్తులను జాబితాలుగా చేశారు. జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగే లేనివాళ్లు ఎల్-2. నియోజకవర్గానికి 3,500 ఇళ్లన్నారు, మొదటి విడత ఎల్-1 వాళ్లకే. మా అమ్మానాన్న ఇరవై ఏళ్లు బొంబాయిలో మట్టిపని చేశారు. ఊళ్లో గజం జాగ లేదు. 5 లక్షలు చేతిలో పెట్టినా ఎక్కడ కట్టుకోవాలి? మాలాంటివాళ్లకు జాగైనా ఇవ్వాలి, కట్టిన ఇల్లైనా ఇవ్వాలి. అదీ పాలమూరు అక్క చెప్పినట్టు పని దొరికే చోటికి దగ్గర్లో.

కల్వకుర్తి వాసి:
అచ్చంపేట తమ్మీ, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందరికీ ఒకటే పద్ధతి సరిపోతుందని అనుకోవడం నాదే పొరపాటు. చిన్నమ్మ విషయంలో మాత్రం నకిరేకల్ అక్క మాట పట్టుకుంటా. ఆమె సంఘంలో సభ్యురాలే, లోన్ అడగొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం లీడరమ్మ దగ్గరికి తీసుకెళ్తా. అక్కా, బేస్‌మెంట్ బిల్లు ఇప్పటికే తీసుకున్నవాళ్లకు కూడా సంఘంలో లోన్ ఇచ్చారా? మేస్త్రీ తమ్మీ, ఆ తుప్పు పట్టిన చువ్వలను బ్రష్‌తో గీకితే సరిపోతుందా, మీ నాన్నను అడిగి చెప్పు.