టంగ్ టై: కత్తెరతో అయ్యే పనికి లేజర్ ప్యాకేజీ కట్టాలా?

కొత్తమ్మ:
మా బాబుకి మూడో వారం నడుస్తోంది. పాలు తాగుతుంటే పట్టు జారిపోతుంది, టక్ టక్ మని చప్పుడొస్తుంది. గంటసేపు తాగి పడుకుంటాడు, పది నిమిషాలకే మళ్లీ ఆకలి ఏడుపు. నాకు చనుమొనలు పగిలిపోయాయి, వాడు లేస్తున్నాడంటేనే టెన్షన్. పుట్టిన బరువుకి ఇప్పుడిప్పుడే వచ్చాడు. పిల్లల డాక్టర్ నాలుక ఎత్తి చూసి, కింద పొర బిగుసుకుని ఉంది, దీన్నే టంగ్ టై అంటారు, కత్తెరతో చిన్న గాటు పెడితే చాలు, ఓపీలోనే అయిపోతుంది అన్నారు. ఎందుకైనా మంచిదని ఇంకో క్లినిక్‌లో చూపిస్తే అక్కడ లేజర్ అన్నారు. నాలుక కింద ఒక్కటే కాదు, పై పెదవి లోపల, బుగ్గల దగ్గర కూడా చేయాలట. తర్వాత రోజూ నాలుక సాగదీసే ఎక్సర్‌సైజులు, ఫాలో అప్‌లు, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. మొదటి డాక్టర్ చెప్పినదానికి ఎన్నో రెట్లు. మా ఆయన మాత్రం రెండూ వద్దు, పెద్దయ్యాక చూద్దాం అంటున్నారు. చేయించినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

వేచిచూద్దాం:
నేనూ మీ ఆయన వైపే. నాలుక కింద పొర బిగువుగా ఉండటం వేరు, దానివల్లే ఇబ్బంది వస్తోందనడం వేరు. పుట్టే పిల్లల్లో వందకి నలుగురి నుంచి పదిమంది దాకా ఇది ఉంటుందని చెబుతారు. ఎలా కొలిచారన్నదాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది, అదే అసలు తంటా. వాళ్లలో చాలామంది శుభ్రంగా తాగి పెరుగుతారు. 2017లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు ఐదు ట్రయల్స్ ఫలితాలు, మొత్తం 302 మంది పసిపిల్లలవి, ఒకచోట చేర్చి చూశారు. పొర కోస్తే తల్లికి నొప్పి తగ్గుతోందని కనిపించింది, అదీ కొద్దికాలం మటుకు చూసింది. బిడ్డ తాగడం మెరుగవుతోందని మాత్రం గట్టిగా చెప్పలేకపోయారు. ఇంత బలహీనమైన ఆధారం మీద ఇన్ని కోతలు జరుగుతున్నాయి. ఇప్పుడు గ్యాస్ అన్నా, నిద్ర పట్టకపోయినా, ఏడ్చినా అన్నిటికీ నాలుకదే తప్పు.

ముగ్గురమ్మ:
"తల్లికి నొప్పి తగ్గుతోంది" అన్నది ఎంత తేలిగ్గా దాటేశారండీ! అది చిన్న లాభమా? రోజుకి పదీ పన్నెండుసార్లు పళ్లబిగువున ఆ నొప్పి భరించి చూడండి. తల్లిపాలు మానేసేవాళ్లలో చాలామంది మానేది ఆ నొప్పితోనే. మా రెండోదానికి కత్తెరతోనే చేయించాం. ఆ పూటే పట్టు మారింది, నాకు తేడా తెలిసింది. ఖర్చు గురించి మాట్లాడేవాళ్లు నెలల తరబడి కొనే డబ్బా పాల ఖర్చు కూడా ఆ పక్కన రాసి అప్పుడు లెక్క చెప్పండి.

వేచిచూద్దాం:
మీ అనుభవాన్ని కాదనను. కానీ బ్రిటన్‌లో ఫ్రాస్టీ అని ఒక ట్రయల్ జరిగింది. ఒక గుంపుకి పొర కోసి, పాలిచ్చే విధానంలో సాయం చేశారు. రెండో గుంపుకి సాయం ఒక్కటే. మూడు నెలలప్పుడు చూస్తే తల్లిపాలు తాగుతున్న పిల్లలు రెండు వైపులా దాదాపు సమానం.

ముగ్గురమ్మ:
ఆ ట్రయల్ సంగతి సగమే చెప్పారు. అనుకున్నంతమంది దొరక్క 169 మందితో ఆపేశారు. పైగా "కోయొద్దు" అన్న గుంపులో కూడా ఎక్కువమంది తల్లిదండ్రులు ఆగలేక బయట కోయించేశారు. రెండు గుంపులూ ఒకటే చేసినప్పుడు ఫలితం సమానంగా రాక ఏమవుతుంది?

వార్డునర్సు:
మీరిద్దరూ చెప్పినదాంట్లో నిజముంది. పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి ఈ పని ఎలా జరుగుతుందో రాస్తాను. అది తెలిస్తే బిల్లులో ఏది దేనికో అర్థమవుతుంది.

నెలలోపు బిడ్డ అయితే సాధారణంగా మత్తు ఇవ్వరు. ముందు పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ పడిందో లేదో, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉందో అడుగుతాం. మిమ్మల్ని ఇవి అడగకుండానే కత్తెర తీస్తుంటే మీరే ఆపి చెప్పండి. బిడ్డని చేతులు లోపలికి పెట్టి బట్టలో బిగువుగా చుడతాం. ఒకరు తల కదలకుండా పట్టుకుంటారు. నాలుకపై రెండు చుక్కలు చక్కెర నీళ్లు వేస్తాం. డాక్టర్ మధ్యలో చీలిక ఉన్న ఒక చిన్న ఇనుప పరికరంతో నాలుకని పైకెత్తుతారు, పొర ఆ చీలికలోకి వచ్చి నిలబడుతుంది. మొన మొండిగా ఉండే కత్తెరతో ఒక్క గాటు. లాలాజలం వచ్చే రంధ్రాలు ఆ పొర మొదట్లోనే రెండు వైపులా ఉంటాయి, అందుకే ఆ పరికరం, అందుకే చేయి తిరిగినవాళ్లు కావాలి. గాజుగుడ్డతో కాసేపు అదుముతాం, మామూలుగా నాలుగైదు చుక్కల రక్తం. కుట్లు ఉండవు. వెంటనే తల్లి చేతికిచ్చి పాలు పట్టమంటాం, అదే బిడ్డకి ఊరట, రక్తం ఆగడానికీ అదే మందు. చుట్టడానికి పట్టినంత టైమ్ కోయడానికి పట్టదు. తర్వాత కొన్ని రోజులు నాలుక కింద తెల్లగానో పసుపుగానో మచ్చ కనిపిస్తుంది. చీము అనుకుని భయపడి ఫోన్లు చేస్తారు, అది మానుతున్న పుండే. ఇంకో మాట, నొప్పి తగ్గుతుందని షాపులో దొరికే బెంజోకైన్ జెల్ రాయకండి. రెండేళ్లలోపు పిల్లల్లో అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయొచ్చు.

ఇప్పుడు ఖర్చు. ఈ వయసులో మీరు కట్టేది డాక్టర్ ఫీజు, ఆ చిన్న పనికి చార్జీ, అంతే. బిల్లు ఒక్కసారిగా ఎగిరేది బిడ్డ పెరిగి కదలకుండా ఉండలేని వయసు వచ్చాక. అప్పుడు పూర్తి మత్తు కావాలి. మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, మానిటర్లు, మేలుకునేదాకా రికవరీ గది, ముందు చేసే రక్త పరీక్షలు. పొర మందంగా ఉంటే దాన్ని అడ్డంగా కోసి జెడ్ ఆకారంలో సర్ది, కరిగిపోయే కుట్లు వేస్తారు. కోసే పొర అదే అయినా, దాని చుట్టూ చేరే మనుషులూ సామానూ పెరుగుతాయి.

కొత్తమ్మ గారూ, నాకు పొర కన్నా బరువు మీద అనుమానంగా ఉంది. చాలామంది పిల్లలు రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి చేరిపోతారు. మీవాడు ఆలస్యం. రోజుకి ఎన్ని డైపర్లు తడుస్తున్నాయో లెక్కపెట్టండి, ఆరుకి తగ్గకూడదు. తగ్గితే ఈ చర్చ పక్కన పెట్టి ఈరోజే డాక్టర్‌కి చూపించండి.

పళ్లడాక్టరు:
లేజర్ అనగానే దోపిడీ అన్నట్టు మాట్లాడితే బాధేస్తుంది. కోస్తూనే రక్తనాళాల్ని మూసేస్తుంది కాబట్టి రక్తం తక్కువ. కోసే చోటు ఎర్రగా కప్పబడిపోదు, కళ్లకి స్పష్టంగా కనిపిస్తుంది. పొర మందంగా ఉన్నప్పుడు, నాలుక అడుగున వెనగ్గా దాగి ఉన్నప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. మెషీన్ ఖరీదైనది, దాని మెయింటెనెన్స్, బిడ్డకీ మాకూ కళ్లద్దాలు, ట్రైనింగ్, ఇవన్నీ ఎవరో ఒకరు భరించాలి కదా.

వేచిచూద్దాం:
మెషీన్ వాయిదాలు బిడ్డ తల్లిదండ్రులు కట్టాలన్నమాట. 2024లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం రిపోర్టు చదివారా? లేజర్ కత్తెర కన్నా మెరుగని చెప్పడానికి ఆధారం లేదంది. కోసిన తర్వాత నాలుక సాగదీసే ఎక్సర్‌సైజుల్ని కూడా సిఫారసు చేయలేదు. నాలుక వెనక దాగిన పొర అనే దానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు. మరి ప్యాకేజీలో మిగిలిందేమిటి?

పళ్లడాక్టరు:
నిర్వచనం లేదంటే సమస్య లేదని కాదు. అయితే బుగ్గల దగ్గర కోయడం మాత్రం నేనూ ఒప్పుకోను. 2020లో అమెరికా ఈఎన్టీ డాక్టర్ల అకాడమీ నిపుణులు కూర్చుని బుగ్గల పొరలు కోయొద్దనే చెప్పారు. పై పెదవి కింద పొర పసిపిల్లలందరికీ ఉండేదే, పాలకి అది అడ్డం వస్తోందని చెప్పడం కష్టం. ఆ ప్యాకేజీలోంచి ఈ రెండూ తీసేసి నాలుక ఒక్కదానికి ఎంతో అడగండి. చెప్పనంటే అక్కడ చేయించకండి. నా క్లినిక్ అయినా అదే మాట. లేజర్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

వార్డునర్సు:
నెలలోపు బిడ్డకి, ఎదురుగా పలచటి పొర కనిపిస్తున్నప్పుడు, లేజర్‌తో ఒరిగేదేమిటో నాకైతే అర్థం కాలేదు డాక్టర్ గారూ. ఆగని రక్తం నేను చూసింది చాలా అరుదు.

నాలుగేళ్లవాడి నాన్న:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మావాడికి నాలుగేళ్లు. నాలుక బయటికి పెడితే కొన మధ్యలో నొక్కు పడి హృదయం ఆకారంలో ఉంటుంది. "రైలు" అనమంటే "లైలు" అంటాడు. టీచర్ చెప్పారని ఈఎన్టీకి చూపిస్తే మత్తిచ్చి చేయాలన్నారు. ఖర్చు ఒకెత్తు, పూర్తి మత్తంటే నాకు భయం. ఎందుకు చిన్నప్పుడే కోయించలేదని ఇంట్లో రోజూ గొడవ.

స్పీచ్ థెరపిస్ట్:
అన్నగారూ, ఆ గొడవ ఆపేయండి. "ర" అందరు పిల్లలకీ ఆలస్యంగానే వస్తుంది, నాలుగేళ్లకి "ల" అనడం చాలామందిలో చూస్తాం. ఒక్క ఆ అక్షరం కోసం ఎవరూ థియేటర్‌కి తీసుకెళ్లకూడదు.

నేను చూసేది ఇది. నాలుక కొన పై పళ్ల వెనక్కి చేరుతోందా? నోరు బాగా తెరిచి ఉన్నప్పుడు కూడా పైకి లేస్తోందా? ల, న, త, ద అన్నీ తడబడుతున్నాయా? ట, డ, ణ, ళ లకి నాలుక పైకి మడతపడాలి, మడుస్తున్నాడా, లేక వాటిని కూడా త, ద, న, ల లుగా పలుకుతున్నాడా? పై పెదవి నాకగలడా? పొర అంటుకున్న చోటు నుంచి నాలుక కొన దాకా ఎంత దూరమో కొలిచే పద్ధతి ఒకటుంది, పెద్ద పిల్లల్లో 16 మిల్లీమీటర్లు దాటితే మామూలే. కానీ నాకు కొలత కన్నా కదలిక ముఖ్యం. బిగువైన పొరతోనే చక్కగా మాట్లాడే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు, నాలుక ఏదో ఒక అడ్డదారి వెతుక్కుంటుంది.

అసలు మాటలే రాకపోతే మాత్రం నాలుకని చూస్తూ కూర్చోకండి. టంగ్ టై వల్ల మాటలు ఆలస్యం కావు, పలుకు స్పష్టత కొంత తగ్గొచ్చు, అంతే. ముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవి సంగతి వదిలేసి నాలుక కోయించుకుని ఏడాది పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఖర్చు విషయంలో ఎవరూ చెప్పని సంగతి, పెద్ద పిల్లలకి ఆపరేషన్ బిల్లుతో అయిపోదు. పొర వదులైనా పాత అలవాటు నాలుకకి ఉండిపోతుంది, తర్వాత థెరపీ కావాలి. కాబట్టి కొన్నాళ్లు థెరపీ ముందే చేసి చూడండి. దాంతోనే సరిపోతే ఆపరేషన్ ఖర్చు మిగులుతుంది. సరిపోకపోతే ఆ థెరపీ వృథా పోదు, ఎలాగూ కావాల్సిందే.

ముగ్గురమ్మ:
మీ థెరపిస్టులందరూ "ముందు థెరపీ" అనే అంటారు లెండి, ఎవరి కొట్టు వాళ్లది.

స్పీచ్ థెరపిస్ట్:
అనండి, పడతాను. అందుకే థెరపీ ఎన్నాళ్లో, ఏ అక్షరాలు లక్ష్యమో మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి. గడువుకి మార్పు లేకపోతే ఈఎన్టీ దగ్గరికి వెళ్లండి, నేనే ఉత్తరం రాసిస్తాను.

వార్డునర్సు:
మత్తు భయం గురించి నాన్నగారికి. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక మూడేళ్లలోపు పిల్లలకి మూడు గంటలు దాటే మత్తు గురించి, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి. గ్యాస్ అనే ట్రయల్‌లో పసితనంలో గంటలోపు మత్తు ఒకసారి తీసుకున్న పిల్లల్ని ఐదేళ్లప్పుడు పరీక్షిస్తే తెలివిలో తేడా కనిపించలేదు, 2019లో ఆ ఫలితాలొచ్చాయి. ఇది చిన్న ఆపరేషన్. ఘనాహారం ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టర్ చెబుతారు. జాలిపడి దొంగచాటుగా బిస్కెట్ పెడితే ఆరోజు ఆపరేషన్ వాయిదా, థియేటర్ చార్జీ గొడవ వేరే.

కొత్తమ్మ:
అందరికీ థాంక్స్. నర్సు గారూ, డైపర్లు నిన్న ఐదే తడిశాయి. పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. పాలు పడుతుంటే ఆవిడ కూర్చుని చూశారు, నేను పట్టుకునే తీరు మార్చారు. కొంచెం నయమే కానీ పట్టు ఇంకా జారుతోంది. రెండు రోజుల్లో బరువు చూసి, పెరగకపోతే కత్తెరతో చేద్దామన్నారు. ఈలోగా పాలు పిండి చెంచాతో పట్టమన్నారు. లేజర్ క్లినిక్‌కి ఫోన్ చేసి నాలుక ఒక్కదానికి ఎంతని అడిగితే ప్యాకేజీ విడదీయం అన్నారు. ఇన్సూరెన్స్ వస్తుందా ఎవరికైనా తెలుసా?

వార్డునర్సు:
పాలసీని బట్టి ఉంటుంది. పుట్టుకతో వచ్చినవని చెప్పి కొన్ని కంపెనీలు తోసేస్తాయి, ఓపీలో చేస్తే కొన్ని ఇవ్వవు. డాక్టర్ కాగితం మీద "టంగ్ టై" అని మాత్రమే కాకుండా పాలు తాగలేకపోవడం, బరువు పెరగకపోవడం కూడా రాయించండి. జబ్బు కోడ్ క్యూ 38.1. ముందే కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. పొర మళ్లీ అతుక్కుంటే రెండోసారి చార్జీ ఉంటుందో లేదో డాక్టర్‌ని ఇప్పుడే అడగండి.

వేచిచూద్దాం:
బరువు పెరగకపోతే చేయించండి, నేనూ అడ్డు చెప్పను. పెరిగితే మాత్రం ఇక్కడికొచ్చి చెప్పండి, ముగ్గురమ్మ గారితో నాకు ఇంకా పని ఉంది.